ఎడమ తిరుగుడు

“అరవై మాటలు దాటకండి, చదివేవాళ్లకి ఓపిక ఉండదు” అని ప్రదర్శన నడుపుతున్న అమ్మాయి తెల్ల అట్టముక్క చేతిలో పెట్టి వెళ్లి పావుగంట అయింది. పది గంటలకు తలుపులు తీస్తారు. ఇప్పుడు తొమ్మిదీ పది. అట్టముక్క ఇంకా తెల్లగానే ఉంది. ఓపిక ఉండదట. బుట్ట అల్లడానికి నాలుగు రోజులు పట్టిన మనిషి గురించి చదవడానికి అర నిమిషం ఓపిక ఉండదట, లేకపోతే పోనీ, రమ్మని ఎవరు ఏడ్చారు, అనుకుని ఆమె పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది. పక్క బల్ల సబ్బులావిడ తన అట్టముక్క రాసేసి, గోడకు గుచ్చేసి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకు వాల్చి చూసుకుని మురిసిపోతోంది. చిన్ననాటి నుంచీ ప్రకృతి ఒడిలో పెరిగిన నేను, అని మొదలు. ఆవిడ పెరిగింది బస్టాండు వెనక మూడో అంతస్తులో అని నిన్న బల్లలు సర్దుకునేటప్పుడు ఆవిడే చెప్పింది. ఈ హాల్లో పద్దెనిమిది బల్లలున్నాయి. పద్దెనిమిది మందీ ఆ ఒడిలోనే పెరిగి ఉంటారు, అందరికీ పసితనం నుంచే ఆసక్తి, అందరికీ ఎవరో ఒక అమ్మమ్మ స్ఫూర్తి, పాపం ఆ అమ్మమ్మలు బతికుండగా ఒక్క పూటైనా కూర్చోనిచ్చారో లేదో. ఆమెకు రాయడం రాక కాదు. కంటి ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లుగా చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. పేరు, వయసు, ఏ కన్ను, ఎన్నాళ్ల నుంచి. ఎవరి సంగతైనా నాలుగు మాటల్లో తేల్చేస్తుంది. తన సంగతి దగ్గరకు వచ్చేసరికి ఏ కన్నో తెలియడం లేదు.

తెలియకేం, తెలుసు. ఎదురు వరసలో, తలుపు పక్కన, వెలుతురు బాగా పడే బల్ల మీద పదకొండు పేము బుట్టలున్నాయి. ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె తన బుట్టలు మోసుకుంటూ లోపలికి వస్తుంటే అవి ముందే వచ్చి కూర్చున్నాయి. వాటి వెనక గోడ మీద పిన్ని ఫొటో, పెద్దది చేయించి, అద్దం వేయించి. ఫొటో కింద చెల్లెలు రాయించి తెచ్చిన అట్ట, చేతిరాత కాదు, అచ్చు. మా అమ్మ ముప్పై ఏళ్ల పాటు పేము బుట్టలు అల్లింది, అందరూ కుడివైపుకు అల్లుతుంటే ఎడమవైపుకు తిప్పి అల్లే పద్ధతిని తనే కనిపెట్టింది, ఆ విద్య మా అక్కకు కూడా నేర్పింది. అంతే. దాన్ని చదివినప్పుడు ఆమెకు కోపం రాలేదు, ముందు చేతిలోని బుట్టలు ఎక్కడ దించాలో తోచలేదు. తర్వాత బల్ల దగ్గరకు వెళ్లి ఒక్కొక్కదాన్నీ చూసింది. ముట్టుకోలేదు, చూసింది. మూడో దాని అడుగు కొంచెం వంకర, ఆ వారం జ్వరం. ఆరోదాని నడుము దగ్గర పుల్ల విరిగితే లోపలి నుంచి అతికిన చోటు, ఎవరికీ కనిపించదు, ఆమెకు కనిపిస్తుంది. పెద్దది, మూత ఉన్నది, నాన్న పోయిన నెలలో అల్లింది, అందులో బిగువు ఎక్కువ, పళ్లు కొరుక్కుంటూ అల్లితే అలాగే వస్తుంది. పదకొండూ తను అల్లినవే. ఒక్కటి కూడా పిన్నిది కాదు.

పిన్ని అంటే అమ్మకు చెల్లెలు. అమ్మ పోయిన ఏడాదికి నాన్నను చేసుకుని అదే ఇంట్లోకి వచ్చింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. పెట్టెతో పాటు ఓ పేము కట్ట కూడా తెచ్చుకుంది పిన్ని, నీళ్ల తొట్టిలో నానేసి, మధ్యాహ్నం పని తెమిలాక వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని అల్లేది. అడుగు కట్టి, చుట్టూ నిలువు పుల్లలు లేపి, వాటి మధ్య నుంచి తడి పుల్లను ముందుకీ వెనక్కీ పోనిస్తూ. చప్పుడు ఉండేది కాదు. ఆ చేతులను చూస్తే ఒళ్లు తెలిసేది కాదు. పక్కన చేరి కూర్చుంది ఒకరోజు. “లేచి అవతలికి పో, నీ నీడ నా చేతి మీద పడుతోంది” అంది పిన్ని, తల ఎత్తకుండానే. నీడ పడటం నిజమేనేమో అని ఇంకో పక్కకు మారింది. “అక్కడా పడుతోంది.” మబ్బు పట్టిన రోజు అది. వరండాలో ఎవరికీ నీడ లేదు. ఈ సంగతి ఆమెకు ముప్పై దాటాక, ఆస్పత్రిలో చీటీలు రాస్తూ రాస్తూ ఓ మధ్యాహ్నం హఠాత్తుగా తోచింది, చీటీ మీద ఎడమ కన్ను బదులు కుడి కన్ను రాసి తిట్లు తింది. పిన్నికి ఆమె మొహం చనిపోయిన అక్క మొహం, అదీ సంగతి. పక్కన కూర్చుంటే పిన్నికి అక్క వచ్చి కూర్చున్నట్టు ఉండేది కాబోలు, వంటలో ఉప్పు దగ్గర నుంచి వాకిలి ఊడ్చడం దాకా అన్నీ అక్కతో పోల్చి చూసే ఇంట్లో. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించాలన్న రూలు ఎక్కడా రాసి లేదు. అర్థం కాకముందు కోపం ఒక్కటే ఉండేది, అర్థమయ్యాక కోపానికి చదువు కూడా వచ్చింది.

“ఎలా వచ్చిందండీ మీకు ఈ ఎడమ తిరుగుడు ఆలోచన? దాని గురించి రాయండి, జనం అదే అడుగుతారు” అంది నిర్వాహకురాలు ఇందాక. ఆలోచన. పక్కన కూర్చోనివ్వకపోతే ఆమె చూసింది వంటింటి గడపలో నుంచి. వరండాకు సరిగ్గా ఎదురు. చేతిలో కూరగాయల పళ్లెం పెట్టుకుని, కళ్లు మాత్రం అక్కడ. పిన్ని కుడిచెయ్యి ఆమెకు ఎడమ పక్కన ఆడేది. పిన్ని పుల్ల ఎటు పోతే ఆమెకు దానికి ఎదురు దిక్కున పోయేది. అద్దంలో చూసి జడ వేసుకున్నట్టు నేర్చుకుంది. పారేసిన పుల్లముక్కలు ఏరుకుని, స్నానాల గదిలో తలుపు వేసుకుని, చూసింది చూసినట్టు చేస్తే ఎడమచెయ్యి ముందుకు వచ్చింది. తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, విసిరేది కుడిచేత్తో, బుట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం కుడిచెయ్యి పక్కింటి చుట్టంలా పట్టుకుని కూర్చుంటుంది. ఇదీ ఆలోచన. దూరంగా కూర్చోపెట్టినందువల్ల వచ్చిన తప్పు. ముప్పై దాటాక ఆర్నెల్లు కూర్చుని సరిచేసుకోవాలని చూసింది, మణికట్టు వినలేదు. తర్వాత ఎవరో వచ్చి ఇది మీ శైలా అన్నారు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ రోజు అనకపోవడం కూడా ఇవాళ్టి ఈ అట్టముక్కలోకి వచ్చి కూర్చుంది.

మొదటి బుట్ట దొరికిపోయింది. గుప్పెడంత బుట్ట, బట్టల వెనక దాచింది. పిన్ని దాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, తిట్టకుండా, కొట్టకుండా, వరండాలో కూర్చుని అంచు దగ్గర నుంచి విప్పడం మొదలుపెట్టింది. విప్పడానికి కూడా మధ్యాహ్నమంతా పట్టింది, అంత ఓపిగ్గా. పుల్లలన్నీ నీళ్లలో వేసి నిటారు చేసి కట్టలో కలిపేసింది. “పేము దండగ చెయ్యకు” అంది. అదొక్కటే మాట. కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేది. ఆ విప్పుతున్న చేతులు ఎంత బాగా విప్పాయో, ఒక్క పుల్లైనా విరగకుండా. పాడు కళ్లు, అప్పుడు కూడా చేతులనే చూశాయి, విప్పే పద్ధతి కూడా నేర్చేసుకున్నాయి.

సబ్బులావిడ వచ్చి బల్ల మీదకు వంగింది. “ఇంకా రాయలేదా? మీకేం మేడమ్, ఎదురుగా మీ అమ్మగారి ఫొటోనే పెట్టారు కదా, వారసత్వం అని రాసెయ్యండి, బాగుంటుంది.”

“ఆవిడ మా అమ్మ కాదు.”

“అయ్యో. మరి మీ చెల్లెలు...”

“సబ్బులు ఎండలో పెట్టారు, చెమటలు పడుతున్నాయి, చూసుకోండి.”

ఆవిడ పరుగున వెళ్లిపోయింది. వారసత్వం. అదీ ఒక మాటే, అరవైలో ఒకటి. ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది, దాన్ని ఈ అట్ట మీద రాయక్కర్లేదు కానీ అది తెలియకుండా ఆమెకు ఆమె అర్థం కాదు. ఆమెకు పదిహేడో ఏడు నడుస్తుండగా పిన్ని బొటనవేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి మూసుకునేది కాదు. కుర్చీలు, బుట్టలు అమ్మే దుకాణాయన అప్పటికే పన్నెండు బుట్టలు చెప్పి ఉన్నాడు. ఓ సాయంత్రం పిన్ని నానబెట్టిన కట్ట తెచ్చి వంటింటి గడప దగ్గర పడేసి వెళ్లిపోయింది. చెయ్యి అనలేదు. చెయ్యగలవా అని అడగలేదు. ఆమె చేసింది. ఎడమ తిరుగుడే, ఆమెకు వచ్చింది అదొక్కటే. దుకాణాయన వచ్చి ఒకటి పట్టుకుని చూసి, “ఏంటమ్మా, తిరుగుడు మారింది?” అన్నాడు. ఆమె గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది. “చేతులు మార్చి చూశాను. ఎన్నాళ్లూ ఒకటే అయితే నాకూ విసుగేగా” అంది పిన్ని. ఆమె వైపు చూడలేదు. దుకాణాయన కళ్లు పెద్దవి చేసి, “ఇదేదో కొత్తగా ఉందమ్మా, ఇలాగే కానివ్వండి” అన్నాడు. ఆ పూటంతా ఆమె ఆనందంగా ఉంది. అదీ చెప్పని సంగతి. దోచుకుంటున్నారన్న బాధ కాదు, ఆమె చేతిపనిని పిన్ని తనదని చెప్పుకోవలసి వచ్చిందన్న ఆనందం, తన తప్పును పిన్ని తన నెత్తిన వేసుకుందన్న ఆనందం, అన్నం ఎక్కువ తింది, నిద్రలో నవ్వింది కూడానేమో. ఆ ఆనందం మర్నాటికి విరిగి, తొమ్మిదేళ్లు, ఆస్పత్రిలో ఉద్యోగం దొరికి గది తీసుకుని వెళ్లిపోయేదాకా, కడుపులో పులుస్తూ ఉండిపోయింది. పిన్ని మీద అసహ్యం ఒక వంతు, ఆ ఒక్క పూట ఆనందపడ్డ పదిహేడేళ్ల దాని మీద మూడు వంతులు.

తొమ్మిదీ ఇరవై ఎనిమిది. ఏమీ రాయకపోతే ఏమవుతుంది, ఎదుటి అట్టే ఆమె గురించి కూడా చెబుతుంది. కనిపెట్టింది పిన్ని, నేర్చుకున్నది ఆమె. తన బుట్టలకు తనే నకలు అయిపోతుంది. సొంతంగా నేర్చుకున్నాను అని రాస్తే, ఎదుటి బల్ల చూసినవాళ్లు పళ్లికిలిస్తారు, పోయిన మనిషి పేరు ఎగ్గొట్టింది చూడు అని. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే శైలి కాదు, తప్పు అని రాయాలి. ఎడమ తిరుగుడు ఎవరూ కనిపెట్టలేదు, అది గడపలో కూర్చున్న పిల్ల కళ్లలో తారుమారైంది, అంతే. పిన్ని చేతిలో నుంచి దాన్ని లాక్కోవాలంటే ముందు దాని విలువ తనే తీసెయ్యాలి. గట్టిగా కక్ష తీర్చుకుందామంటే సగం తన ఒళ్లే కోసుకోవాలి. చచ్చి కూడా ఎంత తెలివైనది, అనుకుంది ఫొటో వైపు చూసి. ఫొటోలో పిన్ని నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆ నవ్వు ఎప్పుడు నవ్విందో, ఎవరి కోసం నవ్విందో.

ఆమె పెన్ను మూత తీసింది. కుడిచేత్తో, జీవితంలో ఒక్క బుట్ట కూడా అల్లని చేత్తో, చీటీలు రాసే గుండ్రటి అక్షరాల్లో రాసింది. “మా పిన్ని అల్లుతుంటే వంటింటి గడపలో నుంచి చూసి నేర్చుకున్నాను. ఆమె నేర్పలేదు, పక్కన కూర్చోనివ్వలేదు. ఎదురు నుంచి చూడటం వల్ల చేతులు తారుమారై తప్పుగా వచ్చింది. ఆ తప్పు మళ్లీ పోలేదు. ఎదుటి బల్ల మీద ఉన్న పదకొండు బుట్టలు కూడా నేను అల్లినవే.” లెక్కపెట్టలేదు. అరవై కావు, అందులో సగం దాటి ఉంటాయి. ఏదో తేలికపడుతుందని అంటారు, ఏమీ తేలికపడలేదు, పన్ను పీకించుకున్న చోట నాలుక పెట్టినట్టు ఉంది.

నిర్వాహకురాలు వచ్చి అట్ట అందుకుని చదివింది. చదువుతూ చదువుతూ పెదాలు లోపలికి మడిచింది. “తప్పు అని ఎందుకండీ? వినూత్న శైలి అని పెడదాం. తప్పు అంటే ఎవరు చూస్తారు?”

“తప్పే.”

“సరే, మీ ఇష్టం. కానీ ఈ ఆఖరి వాక్యం... మీరూ మీరూ ఇంట్లో మాట్లాడుకోవలసింది. ఇక్కడ గొడవ వద్దండీ, నేను పదింటికి తలుపులు తియ్యాలి.”

“తియ్యండి. నేనేమీ అడ్డంగా నిలబడలేదుగా.”

ఆమె అట్టను వెనక్కి తీసుకుని తనే గోడకు గుచ్చింది. నాలుగు మూలలా నాలుగు పిన్నులు. ఈలోగా చెల్లెలు బయటి నుంచి టీ కప్పులు రెండు పట్టుకుని వచ్చింది, ఒకటి అక్కకే. ముప్పై మూడేళ్ల మనిషి, ఇంకా నడకలో చిన్నపిల్ల గంతు పోలేదు. ఆమె ఒళ్లో పెరిగిన పిల్ల. పిన్ని బుట్టలు అల్లుతుంటే పక్కనే కూర్చుని పుల్లలు లాగేది, దానికి అడ్డు చెప్పినవాళ్లు లేరు. ఆ పిల్లకు ఏం గుర్తుంటుంది, ఇంట్లో బుట్టలు ఉండేవి, అమ్మవి అనేవారు.

“టీ తాగక్కా. నీ గురించి కూడా రాయించాను, చూశావా?” అంటూనే గోడ వైపు చూసి చదవడం మొదలుపెట్టింది. కప్పు అలాగే పట్టుకుని రెండుసార్లు చదివింది.

“ఇది తీసెయ్యి.”

“ఇందులో ఏది అబద్ధమో చెప్పు, అది కొట్టేస్తాను.”

“అమ్మ పోయి ఏడాది కూడా కాలేదక్కా.”

“పోయాక కూడా నా బుట్టల మీదే కూర్చుంది.”

“నువ్వు కసితో రాశావు.”

“కసితోనే రాశాను. కసితో రాస్తే అబద్ధమైపోదు.”

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మరి? ఆవిడ ఉండగా అడగొచ్చుగా, మొహం మీద.”

దీని జవాబు పదిహేడో ఏట ఆ పూట తిన్న అన్నం దగ్గరకు పోతుంది. టీ కప్పు మీద మీగడ కడుతోంది. చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి, జారలేదు. “ఇవన్నీ నువ్వే అల్లితే, మరి అమ్మ ఏం అల్లింది?” అంది. ఎగతాళిగా అనబోయి నిజంగానే అడిగినట్టు అయిపోయింది ఆ మాట.

“కుడికి తిరిగేవి అల్లింది. అందరిలాగే. నేను పుట్టక ముందు నుంచీ అల్లింది. అన్నీ అమ్ముడుపోయి ఉంటాయి. ఇంట్లో ఒక్కటైనా లేదా?”

చెల్లెలు ఆలోచించింది. “ఒకటుంది.”

“మరి తేలేదేం?”

“వీటితో కలవలేదు. పక్కన పెడితే వేరేగా కనిపించింది, ఇది అమ్మది కాదేమో అనుకున్నాం.” గొంతు తగ్గించి అంది. “వంటింట్లో ఉల్లిపాయలు వేసుకుంటున్నాం.”

ఆమెకు నవ్వు వచ్చింది, మంచి నవ్వు కాదు, సబ్బులావిడ తిరిగి చూసింది. నవ్వుతూనే ఉండగా లోపల ఇంకేదో లేచింది. ఆ బుట్ట ఏదో ఆమెకు తెలుసు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, వేళ్లు వాయక ముందు ఆఖరి వేసవిలో పిన్ని అల్లింది. దాని అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలు పెట్టి తిప్పినా దొరకదు. ఆమె ముప్పై ఏళ్లుగా ప్రయత్నిస్తోంది, ఆమె అంచు మీద ఎక్కడో ఒకచోట వేలికి గరుకు తగులుతుంది. ఆ అంచులో ఇప్పుడు ఉల్లిపొట్టు ఇరుక్కుని ఉంటుంది. తడి తగిలి అడుగు నల్లబడి ఉంటుంది. జాలి కాదు అది, జాలి ఆమె దగ్గర లేదు, పిన్ని కోసం అసలే లేదు. పని తెలిసినవాళ్లకు పని పాడైనప్పుడు వచ్చే మంట. పదకొండు బుట్టలు దొంగిలించినందుకు ఉదయం నుంచి రాని కోపం ఇప్పుడు వచ్చింది.

“దాన్ని ఉల్లిపాయలకి వేశావా? బుద్ధుందా నీకు?”

చెల్లెలు బిత్తరపోయింది. “నీకేంటి ఇప్పుడు? ఆవిడంటే పడదుగా నీకు.”

“పడదు. వెళ్లి తీసుకురా. ఉల్లిపాయలు కింద పొయ్యి, పొడిగుడ్డతో తుడువు, నీళ్లు తగలనివ్వకు.”

“ఎందుకు?”

“మీ అమ్మ పేరు కింద పెట్టడానికి అదొక్కటే ఉంది కాబట్టి.”

చెల్లెలు ముక్కు చీది, బల్లల మధ్య నిలబడి, తల్లి ఫొటో వైపు ఓసారి, అక్క బల్ల వైపు ఓసారి చూసింది. ఏడుపు గొంతులోనే మొండితనం వచ్చింది. “అది తెచ్చి పెడితే దాని ముందు నీవి తేలిపోతాయి. నాన్న అనేవాడు, అమ్మ అంచు ఎవరికీ రాదని.”

“తేలిపోతాయి. అంచు దగ్గర తేలిపోతాయి. నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు. పో.”

చెల్లెలు బల్ల మీది బండి తాళాలు తీసుకుంది. బయటికి నడిచింది. ఇల్లు పది నిమిషాల దూరం. బుట్ట తేవడానికే వెళ్లిందో, మొగుణ్ణి వెంటబెట్టుకుని గొడవకు రావడానికే వెళ్లిందో వీపు చూస్తే తెలియలేదు. ఆమె టీ ముట్టుకోకుండా లేచి ఎదుటి బల్ల దగ్గరకు నడిచింది. మూడోదాన్ని ముందు తీసింది, వంకర అడుగుదాన్ని, తర్వాత ఆరోదాన్ని, మూత ఉన్నదాన్ని రెండు చేతులా. ఒక్కొక్కటే మోసుకొచ్చి తన బల్ల మీద, చోటు చాలక బల్ల కింద, పెట్టింది. హాలంతా చూస్తోంది. సబ్బులావిడ చేతిలో సబ్బు అలాగే ఉండిపోయింది. నిర్వాహకురాలు రెండడుగులు ముందుకు వేసి, ఆమె మొహం చూసి, పది చూపిస్తున్న గడియారం వైపు తిరిగి, ఇక చేసేదేమీ లేక తలుపుల గడియ తీసింది.

మొదట వచ్చింది భార్యాభర్తలిద్దరు, వెనక ఇంకో నలుగురు. భర్త అద్దంలోని నవ్వే మొహాన్ని, అచ్చులో ఉన్న అట్టను, దాని కింద ఏమీ లేని తెల్లగుడ్డను చూసి, “ఇక్కడ ఏమీ పెట్టలేదేంటండీ?” అని హాలుకంతటికీ వినిపించేలా అడిగాడు.

“వస్తోంది” అంది ఆమె.